ఎవరి చేను అని మనం అడగలేదు

2021 మే రెండో వారంలో సిలింగేర్ ఊరివాళ్లు తెల్లారి లేచి చూసేసరికి ఊరి పక్కన సీఆర్‌పీఎఫ్ క్యాంపు ఉంది. బాసగూడ నుంచి జగర్‌గుండ పోయే దారిలో, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాల హద్దు మీద ఉన్న ఊరది. అది మా రైతులు దున్నుకునే భూమి, గ్రామసభను అడగలేదు, మాకు మాటమాత్రం చెప్పలేదు అంటూ జనం క్యాంపు ముందుకొచ్చారు. మే 17న కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. తొక్కిసలాటలో దెబ్బతిన్న ఒక గర్భిణి ఆ తర్వాత కన్నుమూసింది. పోయినవాళ్లు మావోయిస్టులని పోలీసులు అన్నారు. కాదు, రైతులని ఊరివాళ్లు అన్నారు.

అది తునికాకు కాలం. అడవి ఊళ్లలో ఏడాది మొత్తం మీద చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఆ కొద్ది రోజులే. ఆ ఆకు కోత వదిలిపెట్టి వేల మంది రోడ్డు మీద కూర్చున్నారు. దారి పక్కన పందిళ్లు వేసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లు వంతులేసుకుని వచ్చాయి. ఏడాది దాటినా వాళ్లు లేవలేదు. క్యాంపూ లేవలేదు.

దానికి నెలన్నర ముందే, ఏప్రిల్ 3న, అక్కడికి దగ్గరలోని టేకులగూడెం వద్ద మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు చనిపోయారు. కాబట్టి క్యాంపు ఎందుకు పెట్టారన్నది తెలియని సంగతేం కాదు. కానీ ఎవరి చేలో పెట్టారు, ఆ రైతుకు ఏమిచ్చారు, ఎప్పుడు తిరిగి అప్పగిస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పనక్కర్లేదని సర్కారు అనుకోగలిగిందంటే, గట్టిగా అడిగే జనం లేరనే ధీమా ఉండబట్టే. అలా అడగనివాళ్లలో ముందు వరసలో ఉన్నది మనమే. గోదావరిఖని, రామగుండం, బెల్లంపల్లి, మందమర్రి, భూపాలపల్లి, మణుగూరు, ఈ సింగరేణి బొగ్గుబావుల జనం. కార్మికులం, సంఘాల నాయకులం, పంతుళ్లం, కథలూ పాటలూ రాసుకునేవాళ్లం.

ఆ మే నెలలో కరోనా రెండో అల మన కాలనీలను కూడా ఊడ్చేసింది. నిజమే, అప్పుడు ఎవరి ప్రాణం మీదికి వాళ్లకొచ్చింది. ఆ సాకు ఒక నెలకు చెల్లుతుంది, రెండు నెలలకు చెల్లుతుంది. సిలింగేర్ జనం ఏడాదికి పైగా రోడ్డు మీద కూర్చున్నారు. ఆ ఏడాదంతా మన బాయిలు నడిచాయి, గేట్ మీటింగులు జరిగాయి, మేడేలు జరిగాయి, సభలు జరిగాయి. హక్కుల సంఘాల వాళ్లు వెళ్లారు, చూశారు, రాశారు. వాళ్ల సంగతి వేరు. వేలాది మంది కార్మికులున్న ప్రాంతం ఒక ప్రాంతంగా నోరు తెరవలేదు. నా ఆరోపణ మన మీద.

మనకేం సంబంధం అనేవాళ్లుంటారు. వాళ్ల కోసం కాస్త వెనక్కి పోవాలి. సిలింగేర్ ఉన్న బస్తర్‌లో నడిచిన యుద్ధం బస్తర్‌లో మొదలైంది కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడి, దాని దళాలు గోదావరి దాటి దండకారణ్యంలోకి పోయాయి. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆ యుద్ధాన్ని నడిపినవాళ్లలో మన చుట్టుపక్కలవాళ్లు ఎందరు! 2011 నవంబరులో బెంగాల్‌లో చనిపోయిన మల్లోజుల కోటేశ్వరరావుది పెద్దపల్లి. 2025 అక్టోబరులో గడ్చిరోలిలో ఆయుధం అప్పగించిన ఆయన తమ్ముడు వేణుగోపాల్‌దీ అదే ఇల్లు. 2023లో చనిపోయిన కటకం సుదర్శన్‌ది బెల్లంపల్లి. సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస, పుట్టింది మన బాయిల మీద. అడవిలోకి పోయినవాళ్లు మన బడుల్లో చదివినవాళ్లు, మన కాలేజీల్లో నినాదాలు ఇచ్చినవాళ్లు. యుద్ధానికి నాయకుల్ని ఇచ్చిన ప్రాంతం, ఆ యుద్ధం ఎవరి నేల మీద నడుస్తోందో పట్టించుకోవాల్సిన బాధ్యత నుంచి ఎలా తప్పించుకుంటుంది?

మనం పట్టించుకున్నది ఒక్కటే: మనవాళ్ల మరణం. ఎన్‌కౌంటర్ వార్త రాగానే బయల్దేరేవాళ్లం. మృతదేహం ఇవ్వమని ఆసుపత్రుల ముందు, పోలీస్ స్టేషన్ల ముందు నిలబడ్డాం. ఊరికి తెచ్చుకున్నాం, ఊరేగించాం, పాటలు కట్టాం, స్తూపాలు లేపాం. కోటేశ్వరరావు అంత్యక్రియలకు పెద్దపల్లికి జనం వేలల్లో వచ్చారు. దాన్ని తప్పు పట్టడం లేదు. కన్నతల్లికి బిడ్డ శవం దక్కాలి, ఆ పోరాటం చిన్నదేం కాదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. మనం శవాల కోసం పోయినంత దూరం చేల కోసం పోలేదు. ఫలానా ఊరి పొలంలో కాల్పులు జరిగాయని పేపర్లో చదివాక, ఆ పొలం ఎవరిది, ఆ ఏడు అక్కడ నాటు పడిందా, ఆ రైతు మళ్లీ తన గట్టు మీద కాలు పెట్టాడా అని మనలో ఎవరైనా ఆరా తీశారా? మన పాటల్లో అడవి ఉంది, ఎర్రజెండా ఉంది, తల్లి కడుపుకోత ఉంది. ఎకరం చేను పోగొట్టుకున్న కోయ రైతు మాత్రం లేడు. ఉన్నా, చేయెత్తి నినాదమిచ్చే జనంలో ఒకడిగా ఉన్నాడు తప్ప, తన వడ్లు తను లెక్కపెట్టుకునే మనిషిగా లేడు.

మనకు క్యాంపులు తెలియవా? బాగా తెలుసు. ఎనభైల్లో, తొంభైల్లో మన కాలనీల్లో పోలీసు బలగాలు తిష్టవేశాయి. ఇళ్లు సోదా చేశారు, పిల్లల్ని పట్టుకుపోయారు. కొందరు తిరిగి రాలేదు. 1992లో పీపుల్స్‌వార్‌తో పాటు సికాసను కూడా నిషేధించారు. రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చే మనిషిని దారిలో ఆపి, నీ దోస్తులెవరని అడిగే రోజులవి. ఆ భయం అనుభవించినవాళ్లం. అయినా మనకూ సిలింగేర్ రైతుకూ ఒక తేడా ఉంది. ఎంత భయపడినా మన మస్టర్లు పడ్డాయి, నెల తిరిగేసరికి జీతం వచ్చింది. క్యాంపు మన బతుకుతెరువు మీద కూర్చోలేదు. చేను మీద క్యాంపు పడితే భయంతో పాటు తిండి కూడా పోతుంది. ఇంత చిన్న విషయం మనకు తట్టలేదు. మన అణచివేత అనుభవాన్నే కొలబద్దగా పెట్టుకుని, అందరి కష్టమూ మన కష్టం లాంటిదేనని అనుకున్నాం.

ఇంకా వెనక్కి పోతే తెలంగాణకు ఈ పాఠం 1948లోనే దొరికింది. సెప్టెంబరులో పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. సైన్యం మాత్రం తిరిగి పోలేదు. జనరల్ చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. నిజాం మీదికని వచ్చిన బలగాలు కమ్యూనిస్టుల మీదికి మళ్లి, 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా ఊళ్లలో, అడవుల్లో ఉన్నాయి. గోదావరి అడవుల్లో కోయగూడేలను తగలబెట్టి, జనాన్ని కాపలా ఉన్న శిబిరాల్లోకి తోలిన సంగతి పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. అలా తోలినప్పుడు వెనకాల ఉండిపోయింది పోడు చేలు, కోతకొచ్చిన జొన్నలు. మనం ఆ పోరాటంలో దొడ్డి కొమరయ్యను, అనభేరి ప్రభాకరరావును తలుచుకుంటాం, తలుచుకోవాలి. శిబిరాల్లో ఉన్నవాళ్ల చేలు ఏమయ్యాయో మాత్రం మన సభల్లో వినపడదు. యాభై ఏడేళ్ల తర్వాత, 2005లో సర్కారు అండతో నడిచిన సల్వాజుడుం అదే పద్ధతిలో దంతెవాడలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తెచ్చినప్పుడు మనకు వెంటనే గుర్తు రావాల్సింది. రాలేదు.

ఎందుకు రాలేదన్నదే అసలు సంగతి. దానికి జవాబు మన కాళ్ల కింద ఉంది.

మనం చేల మీద కట్టుకున్న పట్టణంలో ఉంటున్నాం. అరవైల్లో గోదావరిఖనిలో బాయిలు తవ్వడం మొదలైనప్పుడు, డెబ్బైల్లో ఎరువుల ఫ్యాక్టరీ కట్టినప్పుడు, 1978 నవంబరులో మొరార్జీ దేశాయ్ వచ్చి ఎన్టీపీసీకి శంకుస్థాపన చేసినప్పుడు పోయినవన్నీ ఎవరివో ఒకరి పట్టాలు, ఎవరో ఒకరి శివాయిజమాలు. అండర్‌గ్రౌండ్ బాయి ఎంతో కొంత నేలను పైన మిగిల్చేది. ఓపెన్‌కాస్టు వచ్చాక అదీ పోయింది. మేడిపల్లి వైపు చూడండి, మంథని దారిలో లద్నాపూర్ వైపు చూడండి. వరి పండిన చోట వందల అడుగుల గొయ్యి, దాని పక్కన తవ్విపోసిన మట్టి గుట్ట. ఆ గుట్టల మీద తుమ్మ, కానుగ మొలిస్తే పచ్చదనం పెంచామని బోర్డు పెడతారు. బ్లాస్టింగ్‌కు గోడలు పగిలిన ఇళ్లలో, నోటీసు వచ్చి పరిహారం రాక, ఉండలేక, పోలేక ఏళ్లకేళ్లు గడిపిన ఊళ్లు మన కంటి ముందే ఉన్నాయి.

ఆ ఊళ్లవాళ్లు గొయ్యి ముందు బైఠాయించి డంపర్లు ఆపినప్పుడు మనలో చాలామంది ఏమన్నాం? ప్రొడక్షన్ ఆగిపోతోంది అన్నాం. టార్గెట్ పోతే ఇన్సెంటివ్ పోతుందన్నాం. ఎకరానికి ఎంతిస్తున్నారో తెలుసా, వాళ్లకేం తక్కువ అన్నాం. ఒకప్పుడు భూమి పోయిన ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం వచ్చేది. అందుకని భూమికి బదులు ఉద్యోగం న్యాయమైన బేరమే అనే లెక్క మన బుర్రల్లో స్థిరపడిపోయింది. ఆ ఉద్యోగాలు సన్నగిల్లాక కూడా లెక్క మాత్రం మారలేదు. తెలంగాణ ఉద్యమంలో ఓపెన్‌కాస్టులు వద్దని ఎంత గట్టిగా అన్నాం! 2011లో సకల జనుల సమ్మెలో 35 రోజులు బొగ్గు తీయలేదు. రాష్ట్రం వచ్చింది. ఇవాళ సింగరేణి తీసే బొగ్గులో చాలా భాగం ఓపెన్‌కాస్టులదే. వద్దన్న మనమే ఆ గోతుల్లో డంపర్ నడుపుతున్నాం. ప్రతి దసరాకూ లాభాల వాటా ఎంత శాతమన్నదే మన అందరి చర్చ. 2023-24 లాభాల్లో 33 శాతం, 796 కోట్లు కార్మికులకు ఇస్తామన్నప్పుడు మిఠాయిలు పంచుకున్నాం. ఆ డబ్బులో లద్నాపూర్ రైతు పొలం ఎంత భాగమో లెక్క కట్టిన సంఘం లేదు.

చట్టం కూడా మనలాగే ఆలోచిస్తుంది. 1957 నాటి బొగ్గు ప్రాంతాల సేకరణ చట్టం కింద నేల తీసుకోవడానికి రైతు ఒప్పుకోలు అక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టం వచ్చి, ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం మంది సమ్మతి కావాలంది. సర్కారు తన కోసం తీసుకుంటే ఆ నియమం లేదు. బొగ్గు చట్టాన్నయితే ప్రత్యేక పట్టికలో పెట్టి పక్కకు తప్పించింది. దేశ అవసరం అనే మాట ముందుంటే రైతు ఇష్టం వెనక్కి పోతుంది. దీనికి అలవాటు పడ్డాం గనకే దేశ భద్రత అనే మాట విన్నప్పుడు సిలింగేర్ రైతు ఇష్టం మనకు కనపడలేదు. బొగ్గు కోసమైతే సరేనన్నవాడు తుపాకి కోసం కాదంటాడా?

నిజానికి దేశ భద్రత విషయంలో చట్టం కూడా మరీ అంత గుడ్డిది కాదు. 2013 చట్టంలో దేశరక్షణ, జాతీయ భద్రత కోసం అత్యవసరంగా భూమి తీసుకునే సెక్షన్ ఉంది. దాన్ని వాడినా స్వాధీనం చేసుకోకముందే 80 శాతం పరిహారం చేతికివ్వాలి. బస్తర్ అయిదో షెడ్యూలు ప్రాంతం కాబట్టి 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభను సంప్రదించాలి. కానీ దున్నుకునే చేనుకు పాసుబుక్కు లేకపోతే అది రైతుది కాదు, అడవిది అంటారు. తాతల నుంచి దున్నుతున్న నేలకు కాగితం ఇవ్వనిది సర్కారే, కాగితం లేదు గనక ఆక్రమణే జరగలేదనేదీ సర్కారే. మణుగూరులో, ఇల్లెందులో పోడు రైతుల మీద ఇదే వాదన ఎన్నిసార్లు విన్నాం! విన్నవాళ్లం మనం. అయినా అక్కడ అదే వాదన వినపడితే గుర్తుపట్టలేదు.

మట్టి అంటే మనకు ప్రేమ చచ్చిపోయిందని కూడా అనలేను. ఏ కాలనీకైనా పోయి చూడండి. క్వార్టరు వెనక జానెడు జాగా ఉంటే చాలు, పాత కన్వేయర్ బెల్టు ముక్కలు దడిగా కట్టి, దానికి బీరపాదు పాకిస్తారు. వానాకాలం మొదట్లో చిక్కుడు గింజ పెడతారు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి నిద్రపోకముందు ఆ పాదులో బొగ్గు బూడిద ఏరేసి, చెంబెడు నీళ్లు పోస్తాడు. మొదటి కాయ పక్కింటికి పోతుంది, రెండోది ఊరి నుంచి వచ్చిన అక్కకు. ఊళ్లో చేను పోయి పాతికేళ్లయినవాళ్ల ఇళ్లలోనే ఈ పాదులు ఎక్కువ. పాదు ఎండితే ప్రాణం ఉసూరుమనే మనిషి, ఇంకొకరి మళ్లల్లో ముళ్లతీగ పాతిన సంగతి చదివి పేజీ తిప్పేశాడు. మన వైఫల్యం తెలియకపోవడంలో లేదు. తెలిసి ఉండి కదలకపోవడంలో ఉంది.

కదలడానికి మనం సిలింగేర్ దాకా పోనవసరం కూడా లేదు. అక్కడివాళ్లే మన దగ్గరికి వస్తారు. సల్వాజుడుం రోజుల్లో వేల మంది గోదావరి ఒడ్డుకు వచ్చి ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్లను గుత్తికోయలని పిలిచాం, ఓటరు జాబితాలో పేరు లేనివాళ్లని పక్కన పెట్టాం. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ వాళ్లు ఆ గుడిసెలు కూల్చేశారు. ఒకచోట యుద్ధం చేను లాక్కుంది, ఇంకోచోట అడవి చట్టం గుడిసె లాక్కుంది. ఆ రెండోచోటికి మన భూపాలపల్లి గనులు అంత దూరమేం కాదు. ఏటా మాఘ, ఫాల్గుణాల్లో మిరప కోతలకు బీజాపూర్, సుక్మాల నుంచి ట్రాక్టర్ల మీద, కాలినడకన వస్తారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా పేరూరు మిరప చేల నుంచి నడిచి బయల్దేరిన పన్నెండేళ్ల పిల్ల ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా చనిపోయింది. అందరం కళ్లనీళ్లు పెట్టుకున్నాం. సొంత చేలున్న ఊళ్ల పిల్లలు పరాయి చేలో మిరపకాయలు ఏరడానికి ఎందుకు వస్తున్నారన్న ప్రశ్న దాకా మాత్రం పోలేదు.

ఇంకో మౌనం కూడా ఉంది. అది చెప్పకుండా సర్కారు మీద మాత్రమే రాసుకుపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. మావోయిస్టులు ఇన్ఫార్మర్లనే ముద్రవేసి ఊరి మనుషుల్ని చంపినప్పుడు, చేను దారుల్లో పాతిన మందుపాతర పశువుల కాపరిని బలిగొన్నప్పుడు మనం గొంతు పెంచలేదు. లోపల బాధపడ్డాం, బయట రాయలేదు. మనవాళ్లను బజారుకు ఈడ్చడం ఎందుకనుకున్నాం. రైతుకు మాత్రం రెండు వైపులా ఒకటే. పగలు వచ్చే యూనిఫాం తన గట్టు మీద నడుస్తుంది, రాత్రి వచ్చే యూనిఫాం తన గంజి తాగుతుంది. తన చేలో ఎవరుండాలో చెప్పే హక్కు తనకే ఉందని అతను అనుకుంటే, దాన్ని రెండు వైపులా తప్పన్నారు. మూడోవైపు నిలబడి, అతను చెప్పేది సబబే అనగలిగే జనం మనం. అనలేదు.

యుద్ధం ముగిస్తామని కేంద్రం 2026 మార్చి 31 గడువు పెట్టింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో మన ములుగు జిల్లాను ఆనుకున్న కర్రెగుట్టల మీద మూడు వారాలు ఆపరేషన్ నడిపారు. యుద్ధం అయిపోతే క్యాంపులు అవే ఖాళీ అవుతాయని అనుకునేవాళ్లకు శ్రీలంకను చూపించాలి. అక్కడ యుద్ధం 2009 మేలో ముగిసింది. 2017లో కూడా ముల్లైత్తీవు జిల్లా కెప్పాపులవు ఊరి ఆడవాళ్లు సైనిక శిబిరం గేటు ముందు కూర్చుని, మా నేల మాకిమ్మని అడుగుతూనే ఉన్నారు. వలికామం ఉత్తరంలో 1990లో ఖాళీ చేయించిన రైతుల నేల ముక్కలు ముక్కలుగా తిరిగి రావడానికి దశాబ్దాలు పట్టింది. సైన్యం కొన్నిచోట్ల ఆ నేలలోనే కూరగాయలు పండించి అమ్మింది. తుపాకులు ఆగిన రోజు నుంచే రైతు అసలు పోరాటం మొదలైంది. అప్పటికి ప్రపంచం దృష్టి మళ్లిపోయింది.

బస్తర్‌లోనూ అదే జరగబోతోంది, మనం ఇప్పటిలాగే ఉంటే. సిలింగేర్‌లో కూర్చున్నవాళ్ల వెనక నిలిచిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నిషేధించింది. కాబట్టి అక్కడ అడిగే నోరు కూడా మిగల్లేదు. ఇక్కడ మనకు ఏ నిషేధమూ లేదు. మనకు సంఘాలున్నాయి, ఆఫీసులున్నాయి, ఎన్నికలున్నాయి. 2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగినప్పుడు సొంతిల్లు అడిగాం, ఆదాయపు పన్ను మాఫీ అడిగాం, వారసులకు ఉద్యోగం అడిగాం. అవన్నీ అడగాల్సినవే. 1981లో ఒకరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామంటే 56 రోజులు బాయిలు బంద్ పెట్టిన జనం మనం. ఆ బలంలో ఒక్క పూట అయినా ఇంకొకరి చేను కోసం వాడమని ఏ మేనిఫెస్టోలోనూ రాసుకోలేదు.

వచ్చే ఎన్నికల్లో రాయాలి. మన ఓపెన్‌కాస్టుల కింద నేల పోయి ఇంకా పరిహారం, పునరావాసం అందని ప్రతి ఇంటి పేరూ గేట్ మీటింగులో చదవాలి. అదే కాగితం మీద, గోదావరి అవతల క్యాంపుల కింద ఉన్న ప్రతి చేనుకూ రైతు పేరు, విస్తీర్ణం, స్వాధీనం చేసుకున్న తేదీ ప్రకటించమని, ఏటా పంట నష్టం కట్టివ్వమని, తిరిగి అప్పగించే తేదీ చెప్పమని అడగాలి. చర్ల, వెంకటాపురం, వాజేడు మండలాల్లో మిరప కోతలు మొదలయ్యేలోపు ఏరియాకు ఇద్దరు చొప్పున కోయ భాష వచ్చినవాళ్లను తోడు తీసుకుని వెళ్లి, వచ్చిన కూలీల దగ్గర కూర్చోవాలి. ఏ ఊరు, ఎవరి చేను, ఎప్పుడు పోయింది అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఈ పని 2005లోనే చేయాల్సింది.